మా ఊరి మూడో బ్రాందీ షాపు: మూడు స్టార్లు ఇచ్చా, ఒకటి వెనక్కి తీసుకుంటున్నా

షాపు పేరు రాయను. ఊరి పేరు కూడా రాయను, రాస్తే ఉన్న మూడింట్లో ఏదో ఎవరికైనా తెలిసిపోతుంది, రేపు సాయంత్రం నేను మళ్లీ ఆ కౌంటర్ ముందే నిలబడాలి. నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతం, ఉదయగిరి వైపు, ఒక మండల కేంద్రం, అంతవరకు చాలు. బస్టాండు దాటాక పాత ఎరువుల కొట్టు ఉండే గదిలో పెట్టారు. నాది దానికి ఎదురుగా జిరాక్స్ షాపు. కాబట్టి ఇది ఒకరోజు పోయి చూసి రాసే రివ్యూ కాదు. షట్టర్ ఎత్తిన రోజు నుంచి చూస్తున్నా, పదిహేను రోజులకోసారి రోడ్డు దాటి కొంటున్నా.

ముందు మూడో షాపు ఎందుకు వచ్చిందో చెప్పాలి, లేకపోతే నా కోపం అర్థం కాదు.

2019 అక్టోబరు నుంచి ఐదేళ్లు ప్రభుత్వమే మందు అమ్మింది గదా. ఆ రోజులు చూసినవాళ్లకు ఇప్పుడు ఏ షాపైనా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. చాలాకాలం నోట్లిస్తేనే సరుకు, ఫోన్‌పే అంటే మొహం చూసేవాళ్లు. నువ్వు అడిగింది ఉండదు, ఉన్నదాని పేరు నువ్వెప్పుడూ విని ఉండవు. 2020 మేలో రెండు రోజుల్లో కలిపి 75 శాతం రేట్లు పెంచారు, మా వీధిలో ఇద్దరు ఆ దెబ్బకి మానేశారు, ఒకడు నెలలోపే మళ్లీ మొదలుపెట్టాడు, రెండోవాడు నిజంగానే మానేశాడు, వాడి సంగతి వేరే. హైదరాబాద్ నుంచి చుట్టం వస్తే మనిషి కంటే ముందు బ్యాగు వైపు చూసేవాళ్లం.

2024 అక్టోబరు 16 నుంచి మళ్లీ ప్రైవేటు షాపులు వచ్చాయి. రాష్ట్రం మొత్తానికి 3,396. దరఖాస్తుకు 2 లక్షలు, రాకపోయినా తిరిగివ్వరు, అయినా 89,882 దరఖాస్తులు పడ్డాయి. వేసుకోండి లెక్క, ఒక్క సీసా అమ్మకముందే దాదాపు 1,800 కోట్లు. లాటరీలో మా ఊరి రెండు షాపులూ ఎవరెవరికో తగిలాయి. క్వార్టర్ 99 రూపాయలకే అని ఊరూ వాడా చెప్పారు. మొదటి వారం ఎమ్మార్పీకే ఇచ్చారు. తర్వాత చూస్తే రెండు షాపులవాళ్లూ మాట కలుపుకున్నారు. 99 రకం "లోడు రాలేదన్నా". మిగతా క్వార్టర్ మీద పది ఎక్కువ, బీరు మీద ఇరవై, అదేమంటే కూలింగ్ అంటాడు. బీరు పట్టుకు చూస్తే గోరువెచ్చగా ఉంటుంది. ఈ షాపులో గొడవపడి ఆ షాపుకు పోతే అక్కడా అదే రేటు, పైగా "ఆడ గొడవ చేసొచ్చావంట గదా" అని నవ్వు.

ఇట్లాంటప్పుడు మూడో షాపు వస్తుందంటే ఎవరికి సంతోషం ఉండదు? మొత్తం షాపుల్లో పది శాతం, అంటే 340 షాపులు కల్లు గీసే గీత కులాల వాళ్లకు అదనంగా ఇస్తామని ప్రభుత్వం జీవో ఇచ్చింది, అందులో ఒకటి మా ఊరికి పడింది. పదివేల జనాభా దాటిన మా లాంటి ఊళ్లకు లైసెన్సు ఫీజు అప్పట్లో ఏడాదికి 55 లక్షలు, వీళ్లకు అందులో సగమే. సగం ఫీజు కట్టేవాడికి ఎమ్మార్పీ మీద రూపాయి ఎక్కువ తీసుకోవాల్సిన అవసరం ఏముంటుంది, పాత రెండు షాపులూ దారికి వస్తాయి అని టీ బంకు దగ్గర మేమంతా లెక్కలేశాం. మందు ముట్టని మాస్టారు ఒకాయన కూడా "పోటీ ఉంటే మంచిదే" అన్నాడు. కల్లు గీసేవాళ్లకు ఏదో ఒక ఆధారం దొరికిందని కూడా అనుకున్నాం, అది నిజంగానే అనుకున్నాం.

కొలతల రోజు నేను నా షాపులోనే ఉన్నా. బడి నుంచి, గుడి నుంచి 100 మీటర్ల లోపు పెట్టకూడదని రూలు. ఆ కొలత గోడ నుంచి గోడకు తీయరు, మనిషి నడిచే దారిలో, షాపు గుమ్మం మధ్య నుంచి బడి గేటు మధ్యకు తీస్తారు. ఇది నాకూ ఆ రోజే తెలిసింది. ఎరువుల కొట్టుకు రెండు షట్టర్లు, ఒకటి మెయిన్ రోడ్డు మీదకు, ఇంకోటి సందులోకి. మెయిన్ రోడ్డు షట్టర్ నుంచి టేపు పరిస్తే తొంభై చిల్లర వచ్చింది. అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. సందులో షట్టర్‌కు పదేళ్ల తుప్పు, ఇద్దరు కలిసి గునపం పెట్టి ఎత్తారు. అక్కణ్ణుంచి మళ్లీ ముప్పై మీటర్ల టేపు, మూడుసార్లు పరిచి, నాలుగోసారి పద్నాలుగు దగ్గర ఆపి సుద్దముక్కతో గీత గీశారు. 104. రూలు ప్రకారం సరిగ్గానే ఉంది, దాన్ని తప్పు పట్టేందుకు లేదు. ఆ సుద్ద గీతలు వాన పడేదాకా రోడ్డు మీద అట్లాగే ఉన్నాయి, సాయంత్రం బడి వదిలాక పిల్లకాయలు వాటిమీద తొక్కుడుబిళ్ల ఆడారు.

బోర్డు కట్టిన రోజు మధ్యాహ్నం మా అమ్మ క్యారియర్ తెచ్చింది. ఆమెకు డెబ్బై దాటాయి. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా కొట్టు మూయించారన్న కబురు మా ఊరికి వచ్చినప్పుడు, చీపుర్లు పట్టుకుని బయల్దేరినవాళ్లలో ఆమె కూడా ఉంది. దూబగుంట రోశమ్మ పేరు మీకు తెలిసే ఉంటుంది, ఆ రోజుల్లో రాత్రిబడుల్లో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్లంతా ఆమె దారే పట్టారు. సారా వేలం పాట నెల్లూరులో జరగనీయకుండా ఎన్నిసార్లు ఆపారో. వాయిదా మీద వాయిదా పడింది. 1993 ఏప్రిల్‌లో ముందు మన జిల్లాలో సారా ఆగింది, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా. అమ్మ బోర్డు వైపు చాలాసేపు చూసి అడిగింది.

"ఇది కూడా పాట పాడి తీసుకున్నారా నాయనా?"

"పాట కాదమ్మా, లాటరీ. డబ్బు కట్టి పేరు ఇస్తారు, చీటీ తీస్తారు."

"పాటైతే పోయి అడ్డం కూర్చుంటాం. చీటీకి ఎవురికి అడ్డం పడాల?"

నాకు జవాబు తోచలేదు. ఆమె కూడా ఆగలేదు, నిన్నటి ఖాళీ క్యారియర్ తీసుకుని పోయింది. నేను రోడ్డు దాటేది ఆమె అట్లా ఇంటికి పోయాకే, ఇది కూడా ఇక్కడ రాయాలి మరి.

సరే, షాపు సంగతి. మొదటి నలభై రోజులు ఐదు స్టార్లు ఇవ్వొచ్చు, అబద్ధం చెప్పను. లోపల గోడమీద పాత కొట్టువాళ్లు వేయించిన యూరియా బస్తా బొమ్మ ఒకటి ఉంది, దానిమీద పెద్ద ఫ్లెక్సీ ధరల పట్టిక అంటించారు, కౌంటర్‌కు ఇవతలి నుంచి కళ్లజోడు లేకుండా చదవొచ్చు. 99 క్వార్టర్ అడిగితే చేతిలో పెట్టాడు. వంద నోటిస్తే రూపాయి బిళ్ల తిరిగిచ్చాడు, బిళ్ల లేని రోజు చాక్లెట్. బీర్లు నిజంగా చల్లగా ఉన్నాయి, సీసా మీద చెమట పట్టి ఉంది. మాన్షన్ హౌస్, కింగ్‌ఫిషర్ లాంటి తెలిసిన పేర్లన్నీ వరసగా కనిపించాయి. కౌంటర్‌లో ఇద్దరు కుర్రాళ్లు, ఒకడు మాత్రం బంగారం లాంటివాడు. ముసలాయన ఎవరైనా చేతులు వణుకుతూ వస్తే సీసాను కాగితంలో చుట్టి ఇచ్చేవాడు, జారిపోకుండా. క్యూ కోసం ఇనప పైపులు కట్టారు, అవి పశువుల సంతలో కట్టినట్టు ఉంటాయి గానీ తోపులాట లేదు. పాత రెండు షాపుల్లోనూ వారం తిరక్కముందే కూలింగ్ ఛార్జీ ఎగిరిపోయింది. మా లెక్క తప్పలేదని టీ బంకు దగ్గర కాలర్ ఎగరేశాం.

అప్పుడే ఇక్కడ మూడు స్టార్లని రాశా. ఐదు ఎందుకు ఇవ్వలేదంటే బిల్లు ఇవ్వరు. అడిగితే మెషిన్‌లో పేపర్ అయిపోయిందన్నాడు. నాది జిరాక్స్ షాపు, థర్మల్ రోల్ నా దగ్గరే ఉంటుంది, పోయి ఒకటి తెచ్చి చేతికిచ్చా. డబ్బులొద్దులే అన్నా. మరుసటి వారం పోతే మెషినే పాడైందట. ఆ రోల్ ఏమైందో తెలియదు.

నలభై మూడో రోజు రాత్రి, నేను షట్టర్ దించబోతుంటే సందులో రెండు కార్లు ఆగాయి. పాత షాపుల తాలూకు మనుషులు. గంటసేపు లోపల కూర్చున్నారు, టీ బంకు కుర్రాడు ఏడు టీలు తీసుకుపోయాడు, ఏడెందుకు గుర్తుందంటే వాడు గ్లాసులు చాలక నా దగ్గర రెండు స్టీలు గ్లాసులు అడిగి తీసుకున్నాడు. ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు. మరుసటి రోజు పది గంటలకు షాపు తెరిస్తే ఎదురుగా గోడమీద ధరల పట్టిక లేదు. యూరియా బస్తా మళ్లీ కనిపించింది.

ఆ రోజు నుంచి 99 సీసా 110. అది కూడా ఉంటే. బీరు మీద ఇరవై. మూడు షాపుల్లోనూ ఒకటే రేటు, ఇప్పుడు తేడా ఏమిటంటే గొడవపడి పోవడానికి ఇంకో షాపు కూడా మిగల్లేదు. ఎమ్మార్పీ దాటినా, పల్లెల్లో లైసెన్సు లేకుండా అమ్మే బెల్టు షాపులకు సరుకు పోసినా మొదటిసారి 5 లక్షల జరిమానా, రెండోసారి లైసెన్సు రద్దు అని పైనుంచి గట్టిగానే చెప్పారు. పొద్దున ఆటోలో అట్టపెట్టెలు ఏ పల్లె వైపు పోతున్నాయో మాత్రం నాకంటే బాగా ఎవరికి తెలుసు, ఎదురుగా కూర్చునేది నేనే. లోపలున్న లైసెన్సు కాగితం ఎవరి పేరు మీదుందో, సాయంత్రం గల్లా దగ్గర లెక్క చూసేది ఎవరో, అది వాళ్ల వాళ్ల వ్యవహారం, నేనందులోకి పోను. గీసేవాళ్లకు ఆధారం దొరికిందని సంతోషపడ్డాం గదా, ఆ మాట మాత్రం ఇప్పుడు టీ బంకు దగ్గర ఎవరూ ఎత్తట్లేదు.

మా బామ్మర్ది అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలో ఉంటాడు, ఈ సంగతి ఫోన్‌లో చెబితే నవ్వి, అక్కడి పద్ధతి చెప్పాడు. అక్కడ సీసాలు అమ్మే షాపులు జనాభా లెక్కన ఇస్తారు, ఐదువేల మందికి ఒకటి చొప్పున. ఆ కోటా అయిపోయాక ఊళ్లో ఇంకొక్క షాపు కావాలంటే ముందు ఊరివాళ్లు కూర్చుని ఓటు వేయాలి, ఆ తర్వాత ఊరి తరఫున రాష్ట్ర శాసనసభకు అర్జీ పెట్టుకోవాలి, అక్కడ ఆ ఒక్క లైసెన్సు కోసం ప్రత్యేకంగా చట్టం చేయాలి, గవర్నర్ సంతకం పెట్టాలి. చాలాసార్లు ఆ లైసెన్సు ఫలానా చోటుకే, ఇంకోచోటికి మార్చకూడదు అని కూడా చట్టంలోనే రాస్తారట. ఒక్క బ్రాందీ షాపుకి ఇంత తతంగమా అని ముందు నాకు నవ్వొచ్చింది. ఫోన్ పెట్టేశాక మాత్రం ఆ మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయా. ఊరు అడిగితే రాష్ట్రం ఒప్పుకోవాలి అక్కడ. ఇక్కడ రాష్ట్రం నోటిఫికేషన్‌లో మా ఊరి పేరు పక్కన ఒక అంకె వేస్తుంది, ఆ అంకె ఒకటా రెండా మూడా అన్నది పేపర్లో చూసి తెలుసుకుంటాం. ఏజెన్సీ గ్రామాల్లో అయితే గిరిజన ప్రాంతాల కోసం తెచ్చిన పీసా చట్టం కింద మందు విషయంలో గ్రామసభకు ఒక మాటుంది. మా మెట్ట ఊళ్లకు అదీ లేదు. అంతెందుకు, మూడో షాపు కావాలా అని ఎవరైనా అప్పుడు మమ్మల్ని అడిగి ఉంటే, కావాలని మొదట చెయ్యెత్తేది నేనే. ఎమ్మార్పీ దాటితే లైసెన్సు మళ్లీ ఊరి ముందుకే రావాలని ఒక్క షరతు పెట్టేవాణ్ణి, అదొక్కటే తేడా.

ఇంకో రెండు సంగతులు. 2025 అక్టోబరులో ములకలచెరువు కల్తీ మద్యం గొడవ బయటపడ్డాక ప్రభుత్వం సురక్షా యాప్ తెచ్చింది గదా, మూత మీద లేబుల్ స్కాన్ చేస్తే సరుకు అసలుదో నకిలీదో తెలుస్తుంది. ఈ షాపులో ఆ పని చేయనిస్తారు, అది ఒప్పుకోవాలి. నేను కొన్న ప్రతి సీసా స్కాన్ చేశా, ఒక్కటీ తేడా రాలేదు. ఒకసారి లేబుల్ మడత పడి స్కాన్ కాకపోతే బంగారం కుర్రాడే లోపలికి పోయి ఇంకో సీసా తెచ్చిచ్చాడు, విసుక్కోలేదు. నేను వెనక్కి తీసుకోకుండా ఉంచిన రెండు స్టార్లలో ఒకటి ఈ స్కాన్‌కి, ఒకటి ఆ కుర్రాడికి. వాడికి జీతం నెలనెలా సరిగ్గా ఇస్తున్నారో లేదో అడిగితే చెప్పడు, నవ్వుతాడు.

రెండోది పర్మిట్ రూము, అంటే షాపు పక్కనే కూర్చుని తాగే గది. 2025లో మళ్లీ అనుమతి ఇచ్చాక వీళ్లు కూడా వెనక రేకుల షెడ్డు వేశారు. ఫ్యాను ఒకటే, అదీ గల్లా వైపు తిరిగి ఉంటుంది. నాలుగు సిమెంటు బల్లలు, చేతులు కడుక్కోవడానికి ఒక డ్రమ్ము, అందులో నీళ్లు ఏ రంగో చెప్పలేను. గుడ్లు, శనగలు బయట బండి అక్క దగ్గర తీసుకోండి, ఆమె ఉల్లిపాయ, నిమ్మకాయ పిండి ఇస్తుంది, లోపల ఇచ్చేవి తినలేం. దీనివల్ల ఒక మంచి మాత్రం జరిగింది, నా షాపు మెట్ల మీద కూర్చుని తాగడం తగ్గింది. ఇంతకుముందు పొద్దున్నే వాటర్ ప్యాకెట్లు, ప్లాస్టిక్ గ్లాసులు ఊడ్చుకుంటే గాని నేను షట్టర్ ఎత్తలేకపోయేవాణ్ణి. ట్రాన్స్‌ఫర్ సర్టిఫికెట్ జిరాక్స్ తీయించుకునేందుకు ఆడపిల్లలు వస్తారు నా షాపుకి, వాళ్లు మెట్లెక్కలేక రోడ్డు మీదే నిలబడి "అంకుల్, కాగితాలు మీరే వచ్చి తీసుకోండి" అన్న రోజులున్నాయి.

పోవాలనుకునేవాళ్లకు నా సలహా. పొగాకు డబ్బులు బ్యాంకులో పడే రోజుల్లో సాయంత్రం ఆరు తర్వాత అటువైపు పోకండి, పైపుల మధ్య ఇరుక్కుంటారు. రాత్రి పదికి మూయాలి కాబట్టి తొమ్మిదిన్నర నుంచి ఏది అడిగినా లేదనే అంటారు. 99 రకం కావాలంటే లోడు దిగిన రోజు మధ్యాహ్నంలోపు పోవాలి, లోడు దిగిందో లేదో సందు మొదట్లో నిలబడితే తెలుస్తుంది, ఖాళీ అట్టపెట్టెల కోసం పాత పేపర్ల బండివాడు అక్కడే కాచుకుని ఉంటాడు.

ఫోన్‌పే ఉంది గానీ ఒక తిరకాసు ఉంది. 110 స్కాన్ చేస్తే ఎమ్మార్పీ దాటినట్టు రికార్డు పడుతుంది గదా, అందుకని 99 స్కాన్ చేయించుకుని మిగతా పదకొండు చేతికి ఇమ్మంటారు. కాబట్టి జేబులో ఒక పది నోటు, ఒక రూపాయి బిళ్ల పెట్టుకుని పోండి. ఆ రూపాయి చాలామంది ఇవ్వరు, బంగారం కుర్రాడు కూడా అడగడు.